ఎండాకాలం ముదరకముందే పార్కులో పిట్టల్ని చూడటం ఎలా

సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి ఒకటే ప్రశ్న, రకరకాల గొంతుల్లో. "బైనాక్యులర్స్ కొన్నామండీ, పొద్దున్నే పార్కుకి వెళ్ళామండీ, కాకులూ పావురాలూ తప్ప ఏమీ కనపడలేదండీ. మన ఊళ్ళో పిట్టల్లేవా?"

ఉన్నాయి. కాకినాడ గాంధీనగర్ పార్కులోనూ ఉన్నాయి, రాజమండ్రి కంబాలచెరువు దగ్గరా ఉన్నాయి. ఎలా చూశారని అడిగితే జవాబు దాదాపు ఒకేలా వస్తుంది: పార్కు చుట్టూ మూడు రౌండ్లు నడిచాం. అక్కడే వచ్చింది చిక్కు. నడకకి వెళ్ళడం వేరు, పిట్టల కోసం వెళ్ళడం వేరు. రెండోదానికి ముందు ఒకచోట కూర్చోవాలి. కింద రాసినదంతా ఆ కూర్చోవడం చుట్టూ తిరిగేదే.

1. ముందురోజు సాయంత్రమే పార్కు చూసి రండి

పార్కు అందంగా ఉందా అన్నది మనకి అనవసరం. కత్తిరించిన గడ్డి, టైల్స్, రంగు లైట్లు ఎక్కువైన కొద్దీ పిట్టలు తక్కువ. చూడాల్సినవి ఇవి:

- నీళ్ళు. చెరువైతే మంచిది, లేకపోతే కారుతున్న కుళాయి కింద చిన్న మడుగైనా చాలు.
- ముదిరిన చెట్లు. రావి, మర్రి, కానుగ, నిద్రగన్నేరు, వేప. ఎండిన కొమ్మ ఒకటి ఉంటే వదలకండి.
- ఎవరూ పట్టించుకోని మూల. పొదలు, రాలిన ఆకులు, తోటమాలి చెత్త పోసే చోటు.
- ఆ మూలకి ఎదురుగా, తూర్పుకి వీపు పెట్టి కూర్చోగలిగే బెంచీ.

చివరిది చాలామంది మర్చిపోతారు. పొద్దున సూర్యుడికి ఎదురుగా కూర్చుంటే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. ఎండ మన వీపు మీద, పిట్ట ముఖం మీద పడాలి.

వీలైతే మైకు ఎక్కడుందో కూడా చూసుకోండి. మన పార్కుల్లో తెల్లారకముందే భక్తిగీతాలో యోగా క్లాసో మొదలవుతుంది. వాటిని ఆపమనలేం. మనమే దూరపు మూలకి వెళ్ళాలి. లాఫింగ్ క్లబ్ ఉంటే ఇంకా దూరం.

2. ఏ నెల, ఏ గంట

ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మనకి మంచి కాలం. చలికాలానికి వచ్చిన వలస పిట్టలు కొన్ని ఇంకా వెళ్ళి ఉండవు. ఇక్కడి పిట్టలు అప్పుడే పాటలు, జతలు, గూళ్ళు మొదలుపెడతాయి. చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి కొమ్మ మీద ఉన్నది దాక్కోలేదు. బూరుగు పూతలో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. ఆ ఒక్క చెట్టు కింద గంట కూర్చుంటే గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, కాకులు అన్నీ వరస కడతాయి.

మార్చి మధ్యలో మన వైపు సూర్యోదయం ఆరు దాటిన కాసేపటికి, ఏప్రిల్ చివరికి ఐదున్నర దాటగానే. దానికి పావుగంట ముందే బెంచీ మీద ఉండండి. ఎనిమిది దాటితే ఎండ, రద్దీ రెండూ పెరుగుతాయి, పిట్టలు నీడలోకి సర్దుకుంటాయి.

ఇంకో మాట. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి కాలువలు కట్టేశాక, ఊళ్ళో చెరువుల దగ్గర కొంగలు ఎక్కువ కనిపించడం నేను చూశాను. మీ పార్కులో చెరువుంటే ఏప్రిల్‌లో కూడా ఒకసారి వెళ్ళండి.

3. సంచిలో ఏముండాలి

- బైనాక్యులర్స్
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (మంచుకి తడిసినా పెన్సిల్ రాస్తుంది)
- మంచినీళ్ళు, టోపీ
- దోమల క్రీము. చెరువు గట్టు అంటే దోమల ఇల్లే
- సైలెంట్‌లో పెట్టిన ఫోన్

బట్టలు మట్టిరంగో ముదురాకుపచ్చో అయితే మేలు. తెల్లచొక్కా, మెరిసే పసుపు వద్దు. హవాయి చెప్పులు టపటపలాడతాయి, మెత్తటి బూట్లు వేసుకోండి. పల్లీల పొట్లం తీసుకెళ్ళకండి. విప్పిన మరుక్షణం కాకులన్నీ మీ బెంచీ చుట్టూ చేరతాయి, మిగతావి అటు రావు.

కెమెరా గురించి అడుగుతారు. మొదటి నెల కెమెరా ఇంట్లో పెట్టమంటాను. కెమెరా చేతిలో ఉంటే పిట్టని చూడం, ఫొటో వచ్చిందో లేదో చూసుకుంటాం.

4. బైనాక్యులర్స్‌ని ఇంటి డాబా మీదే సరిచేసుకోండి

కొనేవాళ్ళు 8×42 తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 10 రెట్లది ఇంకా బాగుంటుందనుకుంటారు గానీ, అది చేతి వణుకుని కూడా పది రెట్లు చేస్తుంది, చూపులో పట్టే మేరా తగ్గిపోతుంది. కొత్తవాళ్ళకి 8 చాలు. ఇంట్లో ఎవరిదైనా పాతది ఉంటే దానితోనే మొదలుపెట్టండి.

"కొన్నాం గానీ రెండు బొమ్మలు కనిపిస్తున్నాయి, తలనొప్పి వస్తోంది" అనేవాళ్ళలో ఎక్కువమంది కింది పని చెయ్యలేదు. వస్తువు బాగానే ఉంటుంది.

- కళ్ళజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పండి. లేకపోతే బయటికి లాగండి.
- రెండు గొట్టాల్ని దగ్గరికీ దూరానికీ మడుస్తూ, ఒకే గుండ్రటి బొమ్మ కనిపించేదాకా సర్దండి.
- కుడి గొట్టం ముందు అరచెయ్యి అడ్డం పెట్టండి. ఎదురింటి కొబ్బరిచెట్టు గెలని ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి.
- ఇప్పుడు ఎడమ గొట్టానికి చెయ్యి అడ్డం. అదే గెలని కుడి కంటితో చూస్తూ, చక్రం ముట్టకుండా, కుడి కన్ను దగ్గరున్న రింగు మాత్రం తిప్పండి. చాలా రకాల్లో ఆ రింగు అక్కడే ఉంటుంది.
- రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇక నుంచి తిప్పేది మధ్య చక్రం ఒక్కటే.

తర్వాత చూపు కసరత్తు. కొబ్బరిచెట్టు మీద ఒక కాయని మామూలు కళ్ళతో చూడండి. చూపు తిప్పకుండా, తల దించకుండా, బైనాక్యులర్స్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. కాయ కనిపించాలి. కనిపించలేదంటే మీరు మధ్యలో కిందికి చూశారు. రోజుకి ఇరవైసార్లు, ఒక వారం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, పార్కులో పిట్ట రెండు సెకన్లే కూర్చుంటుంది. ఆ రెండు సెకన్లూ వెతుక్కోవడానికే పోతే ఏం లాభం?

5. మొదటి ఇరవై నిమిషాలు బైనాక్యులర్స్ ముట్టుకోకండి

మీరు బెంచీ దగ్గరికి నడిచి వచ్చేసరికి చుట్టుపక్కల పిట్టలు కాస్త దూరం జరిగి ఉంటాయి. మీరు కదలకుండా కూర్చుంటే పది, పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కటీ తిరిగి వస్తుంది. మూడు రౌండ్లు నడిచినవాళ్ళకి కాకులే కనిపించడానికి కారణం ఇదే. కాకి మనిషిని లెక్కచెయ్యదు, మిగతావి చేస్తాయి.

ఆ ఇరవై నిమిషాలూ చెవులకి పని. కళ్ళు మూసుకుని ఎన్ని రకాల గొంతులు వినిపిస్తున్నాయో వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. పేర్లు తెలియక్కర్లేదు. ఐదు దాటితే ఆ పార్కు మంచిదే. మన పార్కుల్లో మార్చిలో వినిపించేవి కొన్ని చెబుతాను.

చీకటి పూర్తిగా విడకముందే, టీవీ యాంటెన్నా మీదో ఎత్తు కొమ్మ మీదో కూర్చుని రకరకాల ఈలలు వేసేది నల్లంచి. నలుపూ తెలుపూ, నిక్కబొడిచిన తోక.

"కుహూ, కుహూ" అంటూ స్వరం పెంచుకుంటూ పోయేది మగ కోకిల. ఆడది అలా కూయదు. "కిక్ కిక్ కిక్" అని గాభరాగా అరుస్తుంది. చూడటానికి నల్లగానూ ఉండదు, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలు. నేను మొదటి ఏడాది రెండు వారాలపాటు దాన్ని డేగ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

చిన్న సుత్తితో రాగిరేకు మీద కొట్టినట్టు "టుక్, టుక్, టుక్" అని ఆగకుండా వినిపిస్తే కంసాలిపిట్ట. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎరుపు. అది తల అటూ ఇటూ తిప్పుతూ కొడుతుంది కాబట్టి శబ్దం ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వచ్చినట్టుంటుంది. శబ్దం వెంట పరిగెత్తకండి. దగ్గర్లో ఎత్తైన చెట్టు చిటారున, ఎండ తగిలే ఎండుకొమ్మ మీద వెతకండి.

పొదలోంచి "ఊప్, ఊప్, ఊప్" అని బుంగలో ఊదినట్టు వస్తే జెముడుకాకి. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రటి కన్ను. అది నేల మీద నడుస్తూ బయటికొస్తుంది కాబట్టి చూపు పొద అంచుకి దించండి.

చెట్టు కొస నుంచి గుర్రం సకిలించినట్టు పొడవుగా దిగుతూ వచ్చే అరుపు వింటే ఎవరూ నమ్మరు, అది లకుముకిపిట్ట. తెల్లటి గొంతు, చాక్లెట్ రంగు తల, నీలం రెక్కలు ఉన్న రకం. దానికి నీళ్ళే ఉండాలని లేదు. తొండల్నీ మిడతల్నీ కూడా పట్టుకు తింటుంది.

"తీతీతువ్, తీతీతువ్" అని తల మీద తిరుగుతూ అరిస్తే తీతువు. అపశకునం అంటారు మన పెద్దవాళ్ళు. నిజానికి దాని గుడ్లు నేల మీద దగ్గర్లోనే ఎక్కడో ఉన్నాయి, మీరు అటు వెళ్తున్నారని దాని టెన్షన్. వచ్చిన దారినే, అడుగు చూసి వేసుకుంటూ వెనక్కి రండి.

6. చూపుకి ఒక దారి పెట్టండి

ఇప్పుడు బైనాక్యులర్స్ తీయండి. ఎక్కడ పడితే అక్కడ చూడకుండా కింద నుంచి పైకి ఒక వరసలో వెళ్ళండి.

నేల: గోరింకలు, కుకుడుగువ్వ. తోటమాలి గడ్డి తడిపిన చోట ముందు చూడండి. కుకుడుగువ్వ నెత్తి మీద విసనకర్రలా విచ్చుకునే కిరీటం చూశాక పిల్లలు ఇంక పార్కు వదలరు.

పొదలు, పూలమొక్కలు: తేనెపిట్టలు, ఆకులు కుట్టి గూడు చేసే టైలర్ బర్డ్. బొటనవేలంత ఉండి వీధంతా వినిపించేలా అరుస్తుంది.

మాను: వడ్రంగిపిట్ట. మాను చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. అవతలి పక్కకి పోతే మీరు లేవకండి, కాసేపటికి అదే ఇటు వస్తుంది. కొమ్మ తొర్రలో రెండు గుండ్రటి పసుపు కళ్ళు మిమ్మల్ని చూస్తున్నాయంటే చిన్న గుడ్లగూబ.

కొమ్మలు, పండ్లు: రావి పండితే రామచిలుకలు, పికిలిపిట్టలు, కోకిలలు. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకే. పాలపిట్ట అనుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

తీగలు: తోక చివర రెండుగా చీలిన నల్లపిట్ట పసుల పోలిగాడు. సన్నటి ఆకుపచ్చ పిట్ట తీగ మీంచి గాల్లోకి ఎగిరి, పురుగుని పట్టుకుని మళ్ళీ అదే చోట కూర్చుంటే పసిరిక.

చెరువు అంచు: గుడ్డికొంగ, తెల్లకొంగలు, రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకులు.

చివరగా ఆకాశం. ఇటుకరంగు ఒళ్ళు, తెల్లటి తల ఉన్న గద్ద మన కోస్తా గరుడపక్షి.

పక్కన ఇంకొకరు ఉంటే "అదిగో, ఆ కొమ్మ మీద" అనకండి. ఏ కొమ్మ? చెట్టుని గడియారం అనుకోండి. కొస పన్నెండు, కుడి చివర మూడు, ఎడమ చివర తొమ్మిది. "కానుగలో రెండు గంటల దగ్గర" అంటే ఇద్దరూ ఒకచోటే చూస్తారు. చెయ్యెత్తి చూపించక్కర్లేదు కాబట్టి పిట్టా బెదరదు.

7. పేరు చెప్పే తొందర వద్దు

రంగు చివర చూడండి, ఎందుకంటే వెలుతురుని బట్టి అది మారిపోతుంది. ముందు ఈ నాలుగూ:

- పరిమాణం: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా?
- ముక్కు: లావా, సన్నమా, వంకరా, ఏ రంగు?
- తోక: పొడుగా, పొట్టా, చీలిందా, ఊపుతోందా?
- ఏం చేస్తోంది: గెంతుతోందా, నడుస్తోందా, పాకుతోందా?

తెల్లకొంగల దగ్గర అందరూ తడబడతారు. అన్నీ తెల్లగా ఉంటే ఎలా? ముక్కూ కాళ్ళూ చూడండి. నల్లముక్కు, నల్లకాళ్ళు, పాదాలు మాత్రం పసుపు అయితే చిన్న తెల్లకొంగ. పొట్టి మెడ, పసుపు ముక్కు, గేదెల వెంట తిరిగేది పశువుల కొంగ. జతకట్టే కాలం దగ్గరపడే కొద్దీ దాని తల, మెడ నారింజరంగుకి తిరుగుతాయి. అది చూసి కొత్త పిట్ట అనుకుని నాకు ఫోన్ చేసినవాళ్ళు ముగ్గురున్నారు. గుడ్డికొంగా ఇలాగే మోసం చేస్తుంది. మామూలప్పుడు మట్టిరంగు చారలతో బురదలో కలిసిపోతుంది, ఎగరగానే తెల్లటి రెక్కలు బయటపడతాయి. జతకాలంలో వీపు ముదురు ఎరుపుగా మారుతుంది.

తేనెపిట్టల్లో ఒళ్ళంతా నల్లగా ఉండి, ఎండ పడగానే ఊదారంగు మెరిస్తే ఊదా తేనెపిట్ట మగది. పొట్ట పసుపు, వీపు ముదురు ఎరుపు అయితే రెండో రకం.

కాకుల్లోనూ రెండున్నాయి. మెడ బూడిదరంగైతే ఊరకాకి, మొత్తం నలుపై ముక్కు లావుగా ఉంటే మాలకాకి.

తెలుగు పేర్లు ఊరికొకటి ఉంటాయి, వాటి కోసం వాదించుకోకండి. మీ అమ్మమ్మ ఏమనేదో అదీ రాసుకోండి. పిట్టల్లో ఒక జాతికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరే 'పిట్టా', మన మాటే.

మెర్లిన్ అనే ఉచిత యాప్ శబ్దం విని పేరు చెబుతుంది. బాగానే పనిచేస్తుంది కానీ పక్కన మైకు మోగుతుంటే తికమకపడుతుంది. అది చెప్పిన పేరుని అనుమానం కింద తీసుకోండి, కంటితో చూశాకే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

8. రాసుకోవడం

తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు కూర్చున్నారు, ఏ రకం ఎన్ని. అంతే. తెలియనిదాన్ని వదిలెయ్యకుండా నాలుగు గీతలతో బొమ్మ వేసి, ముక్కు, తోక గుర్తులు రాయండి. బొమ్మ బాగుండక్కర్లేదు.

ఇంటికొచ్చాక, పిట్టల లెక్కలు నమోదు చేసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే మీ లెక్క పరిశోధకులకీ పనికొస్తుంది. గుర్తుపట్టినవన్నీ రాశారా అని అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది. కాకుల్నీ పావురాల్నీ కూడా లెక్కలో వేస్తేనే అవునని నొక్కండి. ఎన్నున్నాయో సరిగ్గా తెలియకపోతే అంచనా వెయ్యండి, ఖాళీ మాత్రం వదలకండి.

9. తరచూ జరిగేవి, సర్దుబాట్లు

పిట్ట దొరుకుతుంది, బైనాక్యులర్స్ ఎత్తగానే పోతుంది. కొబ్బరికాయ కసరత్తు మళ్ళీ మొదలుపెట్టండి.

పెద్ద గుంపుతో వెళ్ళాం, ఏమీ కనపడలేదు. ముగ్గురు దాటితే రెండు బెంచీలుగా విడిపోండి. కబుర్లు టిఫిన్ దగ్గర చెప్పుకోవచ్చు.

పిల్లలు పది నిమిషాలకే విసుగెత్తుతున్నారు. వాళ్ళని కూర్చోబెట్టకండి. రాలిన ఈకలు చూసి రమ్మనండి, చీమల బారు ఎటు పోతోందో చెప్పమనండి.

మనుషులు అనుమానంగా చూస్తున్నారు. ఇది నిజంగా జరిగేదే. పార్కులో నడిచే ఆడవాళ్ళ వైపు, చుట్టుపక్కల ఇళ్ళ కిటికీల వైపు బైనాక్యులర్స్ పొరపాటున కూడా తిప్పకండి. లోపలికి వెళ్ళేటప్పుడే వాచ్‌మన్‌తో రెండు మాటలు మాట్లాడండి. మా పార్కు వాచ్‌మన్ మొదట్లో "ఏం చూత్తన్నారండి?" అని మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి బైనాక్యులర్స్ ఇచ్చి వడ్రంగిపిట్టని చూపించాను. ఇప్పుడు నేను గేటు దాటగానే "ఆయ్, రాత్రి గుడ్లగూబ ఆ బాదంచెట్టు మీద కూకుందండి" అని తనే చెబుతాడు. తోటమాలి, వాచ్‌మన్, చెరువు దగ్గర గేలం వేసే పెద్దాయన, వీళ్ళకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

10. చెయ్యకూడనివి

ఈ కాలంలో గూళ్ళు ఎక్కువ కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెప్పాలి.

- గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్ళకండి, కొమ్మలు పక్కకి లాగి ఫొటో తీయకండి. మీ వెనకే కాకి చూస్తుంటుంది, మీరు వెళ్ళగానే అదే దారిన వస్తుంది.
- ఫోన్‌లో పిట్ట కూత వినిపించి పిలవకండి. తన చోట్లోకి ఇంకొకటి వచ్చిందనుకుని అది తిండి మాని వెతుక్కుంటుంది.
- ఈకలొచ్చి, నేల మీద గెంతుతున్న పిల్ల దొరికితే ఇంటికి తేకండి. చాలాసార్లు తల్లి దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంది. కుక్కలూ పిల్లులూ తిరుగుతుంటే దగ్గర్లోని పొద మీదకి ఎక్కించి దూరంగా జరగండి.
- చిలకపిల్లని పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. "ముద్దుగా ఉందండీ" అన్నా నేరమే.

11. ఎనిమిదింటికి లేవండి

బెంచీ చుట్టూ ఏమైనా పారేశామేమో చూసుకుని, లేచి పార్కు చుట్టూ ఒక్క రౌండు వెయ్యండి. ఇప్పుడు నడవచ్చు. వచ్చే వారానికి ఏ చెట్టు మొగ్గ తొడిగిందో, ఏ రావి కాయ పండబోతోందో చూసుకోవడానికి ఈ రౌండు. అది కూడా నోట్‌బుక్‌లో ఒక లైను రాయండి.

బెంచీ మాత్రం మార్చకండి. నాలుగు వారాలు వరసగా అదే బెంచీ, అదే సమయం. మొదటి వారం ఎనిమిది రకాలు వస్తే దిగులు పడొద్దు, నాకు ఆరే వచ్చాయి, అందులో ఒకటి ఆ లేని డేగ. నాలుగో వారానికి ఎన్నయ్యాయో రాసి పంపండి. ఏ ముక్కు, ఏ తోక అన్నది కూడా రాస్తే పేరు తేలని వాటిని కలిసి తేల్చుకుందాం.